కోత లేని సెలవు

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, నాకు నేరేడుచర్ల వైపు పోస్టింగ్ వచ్చింది. ఏమేం పుస్తకాలు తీసుకుపోవాలి?" అని అడిగింది. "పుస్తకాలు సరే గానీ, ఒక మంచి కుర్చీ తీసుకుపో. నీకు కాదు, వచ్చేవాళ్ళకు" అన్నాను. పెద్దావిడ హాస్యమాడుతోందనుకుని మర్యాదకు నవ్వింది. ఆ నవ్వు పూర్తయ్యేలోపు బస్సు వచ్చిందంటూ ఫోన్ పెట్టేసింది. చెప్పాల్సిన సంగతి నా దగ్గరే ఉండిపోయింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

మోకాలు అనే పాస్‌పోర్టు

నేను ప్రభుత్వ ఆయుర్వేద వైద్యురాలిని. కోదాడలో చేరాను, మిర్యాలగూడలో ముదిరాను, సూర్యాపేటలో రిటైరయ్యాను. మాది మందులకు కొరత, మాటలకు బరకత్ ఉన్న శాఖ. పైగా మా మందుల పేర్లలోనే అరిష్టం ఉంటుంది. అశోకారిష్టం, దశమూలారిష్టం, ఇలా. నా చేతి మీదుగా ఇన్ని అరిష్టాలు పుచ్చుకుని కూడా జనం మళ్ళీ మళ్ళీ నా దగ్గరికే వచ్చారంటే అది వాళ్ళ మంచితనం.

వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నలభై దాటిన ఆడవాళ్ళు. అందరూ మోకాళ్ళ నొప్పి అనే చెప్పేవారు. మొదట్లో నేను ఈ ప్రాంతంలో మోకాళ్ళకేదో శాపం ఉందనుకున్నాను. తర్వాత అర్థమైంది, మోకాలు వాళ్ళకు పాస్‌పోర్టు. అది చూపిస్తే ఇంట్లోంచి బయటికి రానిస్తారు, బండి మీద తీసుకొస్తారు. "నెలసరి గాడి తప్పింది, ఒళ్ళంతా సెగలు పుడుతున్నాయి, చిన్నమాటకే ఏడుపొస్తోంది" అంటే ఏ భర్తా బండి తీయడు. మోకాలికి నూనె రాయించుకుని, చీటీ చేత పట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి, తెర మీద చెయ్యి వేసి, అప్పుడు వెనక్కి తిరిగి "మేడం, ఇంకొక్క మాట" అనేవారు. ఆ ఇంకొక్క మాటే అసలు రోగం. అందుకే కుర్చీ అన్నాను. మోకాలి కోసం వచ్చిన మనిషి నిలబడే మాట్లాడి వెళ్ళిపోతుంది. కూర్చున్న మనిషికి రెండో మాట వస్తుంది.

ముట్లుడిగే వయసు గురించి మా కాలేజీలో ఒక పూట చెప్పారు. ఆ పూట నేను గైర్హాజరని కొందరు అనుకోవచ్చు. హాజరయ్యాను, నిద్రపోయాను. ఇరవై ఏళ్ళ పిల్లకు ఆ పాఠం ఎంతో దూరపు చుట్టం సంగతిలా వినిపించింది.

కోదాడ పెద్దసారు

కోదాడలో నాకు పైనున్న డాక్టరుగారిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. కృష్ణ అవతలి వైపు మనిషి. మాటకు ముందు "చూడండమ్మా" అనేవారు, కోపంలో కూడా. ఆయన నాకు నేర్పిన మందులు చాలావరకు మర్చిపోయాను. ఇవ్వకూడని చోట చెయ్యి ఎలా ఆపాలో మాత్రం మర్చిపోలేదు.

ఒకరోజు ఒక యాభై ఐదేళ్ళావిడ తెగ నవ్వుకుంటూ వచ్చింది. నెలసరి ఆగిపోయి చాలా ఏళ్ళయిందట, ఇప్పుడు మళ్ళీ కనిపించిందట. "నాకు మళ్ళ పడుసుదనం వచ్చింది సారూ, మా ముసలాయన పరేషాన్ అయితుండు" అని ఆమె నవ్వితే గదంతా నవ్వింది. తనకు తెలిసిన మందే కదా అని బల్ల మీదున్న అశోకారిష్టం సీసా ఆమే చూపించి అడిగింది. పెద్దసారు మాత్రం నవ్వలేదు.

"చూడండమ్మా, నెల తప్పడం వేరు, ఆగిపోయింది తిరిగి రావడం వేరు. ఇది మన సీసాలో పట్టేది కాదు. ఈ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళండి" అన్నారు.

"ఒక సీసా ఇయ్యిరి సారూ, తాగి సూస్త" అంది ఆవిడ.

"మీరు తాగి చూసేలోపు అది మిమ్మల్ని చూస్తుంది" అన్నారాయన. ఆమె కొడుకును పిలిపించి, కారణం చెప్పి, పంపించేదాకా తర్వాతి పేషెంటును లోపలికి రానివ్వలేదు. అక్కడ పరీక్షలో గర్భసంచిలో చెడు పెరుగుదల మొదట్లోనే దొరికింది. ఆపరేషన్ చేశారు. ఆవిడకు నిజంగా తీయాల్సిన సంచి అది. బతికింది. తర్వాత ఒకసారి వచ్చి, సీసా ఇవ్వనందుకు పెద్దసారును ముద్దుగా తిట్టి వెళ్ళింది.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇక నుంచి నేను చెప్పబోయేది సంచి తీయక్కర్లేని ఒకామె గురించి. తీయాల్సినదేదో తెలియని వైద్యుడికి, తీయక్కర్లేదని చెప్పే హక్కు లేదు.

ఒక గదిలో రెండు రుతువులు

మిర్యాలగూడలో పనిచేస్తున్నప్పుడు నా వంతు వచ్చింది. ఎదుటివాళ్ళ సెగల గురించి అంత చక్కగా మాట్లాడేదాన్ని కదా, నా సెగను మాత్రం నేను గుర్తుపట్టలేదు. ముందు డిస్పెన్సరీ ఫ్యాన్‌ను అనుమానించాను. తర్వాత రేకుల కప్పును. తర్వాత ఆ ఊరి ఎండను. తీరా డిసెంబరులో కూడా చెమటలు పడుతుంటే ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఇంట్లో నేను ఫ్యాన్ ఐదులో పెట్టి కూర్చుంటే, మా ఆయన రెండు దుప్పట్లు, ఒక మంకీ టోపీతో నా పక్కనే టీవీ చూసేవాడు. నా రుతువు ఆగిన తర్వాత మా ఇంట్లో ఒకే గదిలో రెండు రుతువులు నడిచాయి.

"నీకు వేడి చేసినట్టున్నది, డాక్టరుకు సూపియ్యరాదు" అన్నాడొకరోజు, పాపం మంచి మనసుతోనే.

"నేనే డాక్టరును" అన్నాను.

"అందుకే ఇంకో డాక్టరుకు అంటున్న" అన్నాడు.

చూపించుకున్నాను. థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నాను, అది బాగానే ఉంది. పెద్ద జబ్బేమీ లేదు, వయసే. అప్పుడు నా మందులు నేనే మింగాను. అది ప్రతి వైద్యుడూ చేయాల్సిన పని, చేదు సంగతి తెలుస్తుంది. శతావరి చూర్ణం పాలల్లో కలుపుకుని తాగాను. బాగుంది. అయితే ఆ చూర్ణం వల్ల బాగుందో, దాని పేరు చెప్పి పది నిమిషాలు ఎవరూ పిలవని చోట కూర్చోవడం వల్ల బాగుందో ఇప్పటికీ తేల్చలేను. నిక్కచ్చిగా పనిచేసినవి మాత్రం ఏ సీసాలోనూ లేవు. పొద్దున నడక, కాస్త బరువులెత్తే కసరత్తు, రాత్రి తిండి త్వరగా ముగించడం, టీ తగ్గించడం, నూలు బట్టలు, రాగులు, నువ్వులు, ఆకుకూర, ఒంటికి కొంచెం ఎండ. వినడానికి ఎంత నీరసంగా ఉందో నాకు తెలుసు. అందుకే వీటిని ఎవరూ ప్యాకెట్లో పెట్టి అమ్మరు.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఒక హెచ్చరిక కూడా చెబుతాను. ఫోన్లలో ఇప్పుడు ఒక వారంలో హార్మోన్లను దారికి తెచ్చే పొడులు ఊరికి పది తిరుగుతున్నాయి. అన్నిటి మీదా ఆకు బొమ్మ, ప్రకృతిసిద్ధం అనే మాట. ఉమ్మెత్త కూడా ప్రకృతిసిద్ధమే. అల్లోపతి డాక్టర్లిచ్చే హార్మోన్ మాత్రలు కొందరికి నిజంగా అవసరం. వాటిని విషమని చెప్పి మన పొడి అమ్ముకునే వైద్యులూ ఉన్నారు. వాళ్ళ మందు చూర్ణం కాదు, వాళ్ళ దగ్గరికి వెళ్ళినవాళ్ళే చూర్ణం.

కోతల తర్వాత కోత

ఇక సుగుణ సంగతి. నేరేడుచర్ల దగ్గర భూములున్న ఇంటి చిన్నకోడలు. భర్తకు రైస్ మిల్లులో వాటా. నలభై ఏడేళ్ళు. యాసంగి కోతలు అయిపోయి, మిల్లుల ముందు వడ్ల లారీలు బారులు తీరిన ఏప్రిల్ చివర్లో, ఒక మధ్యాహ్నం మిర్యాలగూడలో నా దగ్గరికి వచ్చింది. యథాప్రకారం మోకాలు. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లోంచి కొత్త ఫ్లాస్కు మూతి, రెండు కొత్త నైటీలు కనిపిస్తున్నాయి. మా వైపు ఆ రెండూ ఒకేసారి కొన్నారంటే ఎవరో ఆసుపత్రిలో చేరబోతున్నారని అర్థం.

"ఎవరిదమ్మా కాన్పు?" అన్నాను.

"కాన్పు కాదు మేడం. నాదే. సంచి తీయించుకుంటున్న. వచ్చే బుధవారం. మల్ల నెల దాక రానీకి కాదు, అందుకే నూనె తీస్కపోదామని వచ్చిన."

"గర్భసంచా? ఎందుకు?"

"ఎండకాలం కద మేడం."

నేను కారణం అడిగాను, ఆమె ముహూర్తం చెప్పింది. అందులో ఆమె తప్పేమీ లేదు. మా పల్లెల్లో అది అలాగే నడుస్తుంది. కోతలు కాగానే పెళ్ళిళ్ళు ఉన్న ఇంట పెళ్ళిళ్ళు, లేని ఇంట ఆపరేషన్లు. వానలు పడి నాట్లు మొదలయ్యేలోపు మనిషి లేచి తిరగాలి. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఆ సంచితో పనేముంది అన్నది అందరి లెక్క, పంట అయిపోయాక ఖాళీ గోనెసంచిని మడిచి పక్కన పెట్టినట్టు.

"ఎండకాలం సరే. నీకు ఏం తక్లీఫ్ ఉన్నది?" అన్నాను, కుర్చీ చూపిస్తూ.

కూర్చుంది. "నెలకు రావాల్సింది ఒకపారి రెండు నెలలకు వస్తది. వస్తే మస్తు పోతది. ఒళ్ళంత సెగలు. ఊకె కోపమొస్తది, మల్ల ఏడుపొస్తది. మా ఊరి ఆరెంపీ సూసి సంచి పాడైంది, ఉంచితే క్యాన్సర్ అయితదన్నడు. ఆయనే నర్సింగ్ హోంల డేట్ మాట్లాడిండు."

"ఏం చూసి చెప్పిండు? స్కానింగ్ తీసిండ్రా?"

"నాడి సూసిండు."

"సుగుణా, మేము నాడి పేరు చెప్పుకుని బతికేటోళ్ళం. నాడి పట్టుకుని సంచి పాడైందని చెప్పుడు మాకే రాదు" అన్నాను. ఆమె మొదటిసారి నవ్వింది.

ఆ వయసులో నెలసరి తప్పటడుగులు వేయడం మామూలేనని, కానీ ఎక్కువగా పోతోంది కాబట్టి పరీక్ష చేయించకుండా మామూలేనని చెప్పడం కూడా తప్పేనని చెప్పాను. పెద్దాసుపత్రిలో గైనకాలజీ డాక్టరమ్మ నాకు తెలుసు, ముందు ఆమె చూడాలి, ఏమీ లేదంటే ఆపరేషన్ అక్కర్లేదు, కొన్నాళ్ళకు అదే ఆగిపోతుంది అన్నాను. ఎంతో మంచిమాట చెప్పానని నేననుకున్నాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"ఆపరేషన్ లేదంటే మరి, నేను పండుకునుడు ఎట్ల మేడం?"

నాకు అర్థం కాలేదు. ఆమె ఫ్లాస్కు మూతి తిప్పుతూ తిప్పుతూ చెప్పింది.

"పోయినేడు మా యారాలికి తీసిండ్రు. నెల పైన మంచం దిగలే. అత్తమ్మ నీళ్ళు మంచం కాడికి తెచ్చిచ్చింది. అన్నం నేను తీస్కపోయిచ్చిన. చుట్టాలు ఆపిల్‌పండ్లు, బ్రెడ్డు తెచ్చిండ్రు. మా బావ టీవీ రిమోటు ఆమె చేతికే ఇచ్చిండు మేడం. ఆపరేషన్ కాలేదనుకో, ఈ నెలంత వడియాలు, పచ్చళ్ళు, సెలవులకచ్చిన పిల్లలు, మిల్లు కాడికి టిఫిన్లు. అన్ని నేనే చెయ్యాలె. నాకు సంచి మీద కోపం లేదు. జర నడుము వాల్చాలె, అంతే."

యారాలు అంటే తోటికోడలు. తోటికోడలి కడుపు మీది కుట్లను చూసి ఈమె అసూయపడుతోంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను అంతగా తెల్లబోయేలా చేసిన మాట ఇంకోటి లేదు. మెనోపాజ్ అని ఇంగ్లీషులో పేరు పెట్టినవాళ్ళు అందులో ఒక పాజ్ అయినా ఇచ్చారు. మా ఆడవాళ్ళకు ఆ పాజ్ కావాలంటే కత్తి కింద పడుకోవాలి.

బయట బండి మీద కూర్చున్న భర్తను లోపలికి పిలిచి సంగతి చెప్పాను. నెమ్మదస్తుడు. వడ్లలో తేమ ఎంతుందో గుప్పెట్లో పట్టుకుని చెప్పగలడు గానీ, భార్య ఒంట్లో సెగ గురించి ఆ రోజే విన్నాడు.

"మీరెట్లంటే అట్ల మేడం. కాని అమ్మనడగాలె. డేట్ అమ్మనే అందరికి చెప్పింది" అన్నాడు.

"అయితే అమ్మనే తీస్కరా."

రామనర్సమ్మ వాదన

పరీక్షలు రెండు మూడు రోజుల్లో అయ్యాయి. గైనకాలజీ డాక్టరమ్మ ఫోన్ చేసింది. "చిన్న గడ్డ ఒకటుంది మేడం, హాని చేసేది కాదు, నెలసరి ఆగాక అదే కుంచించుకుపోతుంది. లోపలి పొర ముక్క తీసి పంపించాను, శుభ్రంగా ఉంది. సంచికి ఏం కాలేదు, రక్తమే బాగా తక్కువుంది. ఐరన్ మాత్రలు రాశాను, ఎక్కువ పోయే రోజులకు వేరే మాత్ర రాశాను. మిగతాది మీ నువ్వులు, మీ రాగులు చూసుకుంటాయి" అంది. మా శాఖను వెక్కిరించకుండా ఆమె ఫోన్ పెట్టదు. మూడు నెలలకొకసారి తనకు చూపించాలని మాత్రం గట్టిగా చెప్పింది.

సోమవారం నాడు అత్తగారు వచ్చింది. రామనర్సమ్మ. డెబ్బై దాటిన మనిషి, నడుము ముందుకు వంగి ఉంది, కుడి మణికట్టు ఒకప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. గొంతు మాత్రం నిటారుగా ఉంది. వెనకాలే సుగుణ.

"ఏందమ్మా డాక్టరమ్మా, మా ఇంట్ల అందరికి తీసిండ్రు. నాకు తీసిండ్రు, పెద్దకోడలికి తీసిండ్రు. దీనిదొక్కటి ఎందుకు ఉంచాలె? మ్యూజియంల పెడ్తవా?"

"పెద్దమ్మా, పాడైంది తీస్తరు. మంచిగున్నది ఎందుకు తీస్తరు?"

"పాడైనంక తీసుడెందుకు, ముందుగాలనే తీస్తే అయిపాయె."

"అట్లయితే పండ్లన్ని కూడా ముందుగాలనే పీకిద్దమా?"

ఆమె ఉన్న నాలుగు పళ్ళను నాలుకతో తడిమి చూసుకున్నట్టనిపించింది. తర్వాత, "నాయి ఎట్లనో పోయినయ్ తియ్" అంది. ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులోనే కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"నీకు ఎప్పుడు తీసిండ్రు పెద్దమ్మా?"

"మా చిన్నోడు బడికి పోవుడు మొదలువెట్టిన యేడు. గప్పుడు నాకు ముప్పై గూడ నిండినయో లేవో."

"సెగలు ఎప్పుడు మొదలైనయ్?"

ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదనుకుంటాను. "ఆ యేడే. నేను పొయ్యి సెగ అనుకున్న. పొయ్యి ఆరినంక గూడ తగ్గకపాయె. ఎవ్వలకు చెప్పలే. నిద్ర పోయేది కాదు. మీది నుంచి కోపం. దీని మొగున్ని, చిన్నపిలగాడు, ఊకె కొట్టేది."

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీస్తే, ముట్లుడిగే వయసు అప్పటికప్పుడే వచ్చిపడుతుందని, ఎముకలు త్వరగా గుల్లబారతాయని చెప్పాను. ఆమె విరిగిన మణికట్టు గురించి నేనేమీ అనలేదు. తనే ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని చూసుకుంది. తర్వాత, నేను ఎదురుచూడని వైపు మాట తిప్పింది.

"కాని డాక్టరమ్మా, ఆ నెల మాత్రం మంచిగుండె. మా అత్త నాకు నీళ్ళు తెచ్చిచ్చింది. నా పక్కపొంటి కూసొని జామపండు కోసిచ్చింది. అంతకుముందు ఎన్నడు కూసోలే, ఆ తర్వాత కూసోలే."

సుగుణ తలొంచుకుంది. నేను చీటీ తీసి రాయడం మొదలుపెట్టాను.

"ఏం రాస్తున్నవ్?"

"ఆపరేషన్ అయితే ఏమేం చెయ్యనియ్యవో అవన్ని రాస్తున్న. బరువు లేపొద్దు. పొయ్యి కాడ నిలవడొద్దు. వడియాలు పెట్టొద్దు. నెల దాక అన్నం మంచం కాడికి రావాలె. రాగిజావ, నువ్వులుండ, పాలకూర తినాలె. పొద్దుగాల కాలువ కట్ట మీద నడవాలె."

"అంటే ఆపరేషన్ తప్ప అన్ని ఉన్నయన్నట్టు."

"అంతే."

"కోత లేకుంటే మంచంల ఎట్ల పండవెడ్తరమ్మా? కట్టు లేదు, కుట్టు లేదు. ఊరు ఏమంటది?"

"ఏమంటది?"

"పని దొంగ అంటది. మల్ల నువ్వేమో పండుకోమంటవ్, నడువుమంటవ్. నడిచే కాళ్ళున్నయంటే వంట చేసే చేతులు లేవా అంటరు."

"నడక ఆమె కోసం, పెద్దమ్మా. వంట మీ కోసం. రెండు ఒకటి కాదు."

రామనర్సమ్మ చీటీ తీసుకుని, తలకిందులుగా పట్టుకుని కాసేపు చూసి, కొంగుకు ముడేసుకుంది. "సూద్దాం" అంది. అవునని కాదు, కాదని కాదు. సుగుణ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. ఈసారి ఇంకొక్క మాట ఏమీ అనలేదు.

బుధవారం తర్వాత

మా ఉద్యోగంలో మందు ఇచ్చేదాకే మన చెయ్యి. మింగడం వాళ్ళ చేతిలో, మింగనివ్వడం వాళ్ళ ఇంట్లోవాళ్ళ చేతిలో. ఇది తెలియని కుర్ర వైద్యులు పేషెంటు మాట వినలేదని విసుక్కుంటారు. పేషెంటు వినే ఉంటుంది. ఇంట్లో ఆ మాట చెప్పడానికి ఆమె వంతు వచ్చి ఉండదు. అందుకే నేను అత్తలకు వైద్యం చేసి కోడళ్ళకు నయం చేయడం అలవాటు చేసుకున్నాను. ఫలితం సగం సగం. మిగతా సగం నా చేతకానితనమే అనుకోండి, నేనేమీ అనుకోను.

బుధవారం గడిచింది. ఫోన్ లేదు. సుగుణ భర్త నంబరు నా దగ్గరుంది, చేయడానికి ధైర్యం చాలలేదు. చేస్తే, "అయిపోయింది మేడం, మంచిగున్నది" అంటాడేమోనని. శుక్రవారం డిస్పెన్సరీ మూసి, నేరేడుచర్ల షేర్ ఆటో ఎక్కాను. ముగ్గురు కూర్చునే సీట్లో ఐదుగురం. మోకాళ్ళ స్పెషలిస్టును కదా, నా రెండు మోకాళ్ళనూ ఎవరి ఒళ్ళో పెట్టాలో తెలియక ప్రయాణమంతా అవస్థపడ్డాను.

ఇల్లు అడిగి తెలుసుకుని వెళ్ళేసరికి గేటు తెరిచే ఉంది. వరండాలో మంచం, మంచం మీద సుగుణ, పైన ఫ్యాన్ జోరుగా తిరుగుతోంది. ఆమె ఒంటి మీద ఆ కొత్త నైటీయే. పక్కన స్టూలు మీద ఆ ఫ్లాస్కే. కళ్ళు మూసుకుని ఉంది. నా కాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయాయి. ఆలస్యమైపోయింది అనుకున్నాను.

అప్పుడే నా వెనకే ఇంకో ఆటో ఆగింది. రామనర్సమ్మ కూతురు, తుంగతుర్తిలో ఇచ్చినామె, చెమటలు కక్కుతూ దిగింది. చంకలో బ్యాగు, ఒక చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు, ఇంకో చేతిలో ఆపిల్‌పండ్లు. నన్ను చూసి ఇంకో చుట్టమనుకుందేమో, తలూపి లోపలికి నడిచింది. వంటింట్లోంచి రామనర్సమ్మ బయటికి వచ్చింది, ఆ వంకర చేత్తో రాగిజావ గిన్నె పట్టుకుని.

"అమ్మా, ఆపరేషన్ మంచిగైందా?" అంది కూతురు.

"కాలే."

"కాలేదా? ఏమాయె?"

"ఏం కాలే. పెద్దాసుపత్రిల సూసిండ్రు. సంచి మంచిగున్నదంట. నర్సింగ్ హోమోళ్ళకు ఫోన్ కొట్టిచ్చిన, మా ఇంటివి రెండు మీ కాడనే ఉన్నయి కద, గవి చాలు అన్న."

"మరి వదినె ఎందుకు పండుకున్నది?"

రామనర్సమ్మ గిన్నె స్టూలు మీద పెట్టింది. నడుము పట్టుకుని మెల్లగా నిటారుగా అవడానికి చూసింది, అవలేదు. అయినా ఊరంతటికీ వినిపించేటట్టే చెప్పింది.

"అలసింది."

కూతురు ఆ పండ్లతో, బ్రెడ్డుతో అలాగే నిలబడిపోయింది. ఆ మాట మీద ఏం అనాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. కుట్లు నొప్పి పెడుతున్నాయా అనడానికి లేదు, ఎన్ని రోజులు పథ్యం అనడానికి లేదు. తల్లిని చూసింది, మంచం మీది వదినను చూసింది, పైన తిరుగుతున్న ఫ్యాన్‌ను చూసింది. సుగుణ ఒక కన్ను తెరిచి ఆడబిడ్డను చూసి మళ్ళీ మూసుకుంది.

ఆడబిడ్డ పండ్ల సంచి కింద పెట్టింది. చంకలో బ్యాగు దించింది. కొంగుతో మెడ తుడుచుకుని, చెప్పులు విడిచి, మంచం అంచున కూర్చుంది.

"జర జరుగు వదినె" అంది.

సుగుణ జరిగింది.